మైకు ఇచ్చాం కదా, చెక్కు కూడానా?

ఈ భూమ్మీద ఆదివాసులకు దొరుకుతున్నంత మర్యాద ఇప్పుడు ఇంకెవరికీ దొరకడం లేదు. వాతావరణ సదస్సు ఎక్కడ జరిగినా వాళ్ళు ఉండాల్సిందే. ప్రారంభంలో వాళ్ళ ప్రార్థన, మధ్యలో వాళ్ళ పాట, ముగింపులో వాళ్ళతో గ్రూప్ ఫోటో. తలమీద ఈకల కిరీటం ఉందంటే ఆ ఫోటో మర్నాడు పేపర్లో మొదటి పేజీకి ఎక్కుతుంది. ఇంత చేస్తున్నా వాళ్ళకి తృప్తి లేదు. డబ్బు ఎవరికి, ఎంత, ఎలా అని తేల్చే గదిలోకి కూడా వస్తామంటున్నారు. ఇదెక్కడి చోద్యమండీ!

2025 నవంబరులో ఏం జరిగిందో చూడండి. అడవి జనం మధ్య కూర్చుని అడవి గురించి మాట్లాడుకుందామని ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సు కాప్-30ని ఏకంగా అమెజాన్ ముంగిట, బ్రెజిల్‌లోని బెలేమ్ నగరంలో పెట్టారు. అంత గౌరవం ఇస్తే ఏం చేశారు? 11వ తేదీ సాయంత్రం కొందరు ఆదివాసులు, వాళ్ళతోపాటు వచ్చిన నిరసనకారులు తలుపులు తోసుకుని లోపలికి చొరబడ్డారు. సెక్యూరిటీవాళ్ళు బల్లలు అడ్డం పెట్టి ఆపాల్సి వచ్చింది. ఆ వెంటనే ఐక్యరాజ్యసమితి వాతావరణ విభాగం అధిపతి సైమన్ స్టీల్ బ్రెజిల్ ప్రభుత్వానికి ఘాటుగా ఉత్తరం రాశారు. భద్రత బాగాలేదన్నారు. పనిలో పనిగా ఏసీలు చాలడం లేదనీ, వాన నీళ్ళు లోపలికి కారుతున్నాయనీ కూడా చెప్పారు. భూమి వేడెక్కుతోందని చర్చించడానికి అంత దూరం వచ్చినవాళ్ళకు ఉక్కపోయడం ఎంత అన్యాయం!

14వ తేదీన ముండురుకు తెగవాళ్ళు పొద్దున్నే వచ్చి మెయిన్ గేటు ముందు బైఠాయించారు. తపజోస్ నదిని సరుకు పడవలకు జలమార్గంగా మార్చే పథకం ఆపమని వాళ్ళ గొడవ. పాపం ప్రతినిధులంతా పక్క తలుపు దగ్గర క్యూ కట్టారు. చివరికి సదస్సు అధ్యక్షుడు ఆంద్రె కొర్రేయా దో లాగో స్వయంగా బయటికొచ్చి, చాలాసేపు మాట్లాడి, వాళ్ళ పసిబిడ్డను చేతుల్లోకి ఎత్తుకుని నవ్వుతూ నిలబడ్డారు. కెమెరాలన్నీ క్లిక్కుమన్నాయి. బిడ్డను ఎత్తుకోవడం కంటే పెద్ద భాగస్వామ్యం ఏముంటుందో నాకైతే తెలియదు. అదే సదస్సుకు బొగ్గు, చమురు, గ్యాస్ తరఫు లాబీయిస్టులు 1,600 మందికి పైగా వచ్చారని ఉద్యమ సంఘాలు లెక్కగట్టాయి. వాళ్ళలో ఒక్కరైనా తలుపు తోశారా? గేటు ముందు కూర్చున్నారా? మెడలో బ్యాడ్జీ వేసుకుని దర్జాగా నడిచి వెళ్ళారు. సంస్కారం అంటే అది.

ఇక డబ్బు సంగతి. అదే ఊళ్ళో ట్రాపికల్ ఫారెస్ట్స్ ఫరెవర్ ఫెసిలిటీ అనే గొప్ప నిధిని ప్రారంభించారు. ఇది దానం కాదు, తెలివి. ప్రభుత్వాలు 25 బిలియన్ డాలర్లు పెడతాయి. దాన్ని చూసి ధైర్యం తెచ్చుకుని ప్రైవేటు మదుపరులు 100 బిలియన్లు పెడతారు. మొత్తం 125 బిలియన్లు తీసుకెళ్ళి బాండ్లలో పెడతారు. బాండ్ల మీద వచ్చిన రాబడిలోంచి ముందు మదుపరుల వడ్డీ, తర్వాత ప్రభుత్వాల వడ్డీ తీసేస్తారు. ఆపైన ఏమైనా మిగిలితే, నిలబడి ఉన్న అడవికి హెక్టారుకు ఏడాదికి 4 డాలర్లు. అదైనా ఆ దేశ ప్రభుత్వానికి వెళుతుంది. అందులో కనీసం 20 శాతం ఆదివాసులకూ స్థానిక సముదాయాలకూ ఇవ్వాలి. మన పెళ్ళిళ్ళలో మగపెళ్ళివారి బంతి లేచాక, ఆడపెళ్ళివారి బంతి లేచాక, వంటవాళ్ళు కూర్చునే మూడో బంతి అన్నమాట. గారెలు అయిపోయాయంటే అది వంటవాళ్ళ అదృష్టం.

లెక్క వేశాను. నాలుగు డాలర్లలో 20 శాతం అంటే హెక్టారుకు 80 సెంట్లు. హెక్టారంటే రెండున్నర ఎకరాలకు కాస్త తక్కువ. కాబట్టి ఎకరానికి 32 సెంట్లు, మన డబ్బులో సుమారు 28 రూపాయలు. నెలకు కాదండోయ్, ఏడాదికి. ఎకరం అడవిని గొడ్డలి నుంచి, నిప్పు నుంచి, బంగారం తవ్వేవాళ్ళ నుంచి ఏడాదంతా కాపాడితే ఒక చాయ్, ఒక సమోసా ఖాయం. మరీ హోటల్ ఎంచుకుంటే సమోసా డౌటు. ఆ 20 శాతం కూడా ఎవరో దయతలిచి రాసింది కాదు. ఆదివాసీ సంఘాలు వెంటపడి, పోరుపెట్టి రాయించుకున్నవే. పైగా సదస్సు ముగిసేనాటికి వచ్చిన వాగ్దానాలన్నీ కలిపితే 7 బిలియన్లు కూడా లేవు. కాబట్టి చాయ్‌కి కూడా ఇప్పుడే ఆర్డర్ ఇవ్వకండి.

తొందరపడితే ఎలా? పాత నిధుల్ని చూసి ఓపిక నేర్చుకోవాలి. వాతావరణ మార్పుని తట్టుకోవడానికి పేద దేశాలకు డబ్బిచ్చే గ్రీన్ క్లైమేట్ ఫండ్ పెట్టాలని 2010లో మెక్సికోలోని కాంకూన్ సదస్సులో అనుకున్నారు. దక్షిణ కొరియాలోని సాంగ్డోలో దాని ఆఫీసు. బోర్డులో 24 మంది, ధనిక దేశాల నుంచి 12, మిగతా దేశాల నుంచి 12. ఓటు లేకపోయినా కూర్చుని మాట్లాడగల ‘క్రియాశీల పరిశీలకులు’ నలుగురు: స్వచ్ఛంద సంఘాల నుంచి ఇద్దరు, ప్రైవేటు రంగం నుంచి ఇద్దరు. చూశారా, వ్యాపారులకు రెండు కుర్చీలు తప్పనిసరని అప్పుడే తట్టింది. ఆదివాసులకు సొంత కుర్చీ సంగతి మాత్రం ఏళ్ళ తరబడి ఎవరికీ తట్టలేదు. చెప్పాల్సింది స్వచ్ఛంద సంఘాల చెవిలో చెబితే, వాళ్ళు సమయం చూసుకుని, అధ్యక్షుడు పిలిస్తే చెప్పేవారు.

ఆ ఫండ్ తొలి ప్రాజెక్టు ఎవరి నేల మీదో తెలుసా? పెరూలోని అమెజాన్‌లో, దాతెమ్ దెల్ మరాన్యోన్ అనే ప్రాంతంలోని చిత్తడి నేలలు. ఆదివాసుల ఊళ్ళు. ఫైలు నంబరు ఎఫ్‌పీ001. 2015 నవంబరులో జాంబియాలోని లివింగ్‌స్టన్‌లో బోర్డు కూర్చుని ఆమోదించింది. అక్కడి జనం సమ్మతి సరిగా తీసుకున్నారా, కాగితాలేవీ అని ఆదివాసీ సంఘాలు అప్పుడే సణిగాయి. సమ్మతి ఎలా తీసుకోవాలి, ఎవరిని అడగాలి అని చెప్పే ఆదివాసీ పాలసీని అదే బోర్డు 2018 ఫిబ్రవరిలో ఆమోదించింది. అంటే ముందు తాళి, రెండేళ్ళ తర్వాత పెళ్ళిచూపులు. ఆ తర్వాత నలుగురు ఆదివాసీ సభ్యులతో సలహా బృందం కూడా వేశారు. సలహా చెప్పడానికి పూర్తి స్వేచ్ఛ ఉంది. వినడానికి బోర్డుకీ అంతే స్వేచ్ఛ ఉంది.

ఇంత చెప్పినా, ‘మధ్యలో దళారులెందుకు, డబ్బు మాకే నేరుగా ఇవ్వండి’ అని అడుగుతున్నారు. ఎలా ఇస్తారు? ఫండ్ దగ్గర గుర్తింపు కావాలి. గుర్తింపు రావాలంటే ఆడిట్ చేసిన ఖాతాలు చూపాలి. మనీ లాండరింగ్ నిరోధక విధానం ఉండాలి. పర్యావరణ రక్షణ విధానం ఉండాలి, అంటే వందల ఏళ్ళుగా అడవిని నరకనివాళ్ళు, ఇకముందు కూడా నరకమని ఇంగ్లీషులో రాసి అప్‌లోడ్ చెయ్యాలి. ఇన్నాళ్ళూ దీనికి ఏళ్ళు పట్టేది. డబ్బు విషయంలో జాగ్రత్త ఉండొద్దూ?

పొగడ్త విషయంలో మాత్రం ఈ ఆడిట్ గొడవ లేదు. ‘ప్రపంచ జీవవైవిధ్యంలో 80 శాతాన్ని ఆదివాసులే కాపాడుతున్నారు’ అన్న వాక్యం లేకుండా ఇరవై ఏళ్ళుగా ఏ ఉపన్యాసమూ మొదలు కాలేదు. 2024లో కొందరు పరిశోధకులు, వాళ్ళలో ఆదివాసులూ ఉన్నారు, ఆ అంకెకు ఆధారమే లేదని నేచర్ పత్రికలో తేల్చి చెప్పారు. ఆదివాసులు చేస్తున్నది చాలా గొప్ప పనేననీ, దానికి ఈ దొంగ లెక్క అక్కర్లేదనీ కూడా అన్నారు. అంటే అన్నేళ్ళు ఆ అంకెను వేదికల మీద చదివిన మంత్రుల్లో, బ్యాంకర్లలో, ఒక్కరు కూడా ‘రసీదేది’ అని అడగలేదన్నమాట. దండకు రసీదు అక్కర్లేదు, చెక్కుకే కావాలి.

నేరుగా ఇవ్వడం అసలు లేదని కాదు. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో అయిదు దేశాలు, కొన్ని దాతృత్వ సంస్థలు కలిసి ఆదివాసుల భూమి హక్కుల కోసం అయిదేళ్ళలో 1.7 బిలియన్ డాలర్లు ఇస్తామన్నాయి. అన్నట్టే ఇస్తూ వచ్చాయి, అది మెచ్చుకోవాల్సిందే. మొదటి ఏడాది పంచిన దాంట్లో నేరుగా ఆదివాసీ సంఘాల చేతికి వెళ్ళింది 7 శాతం. అది మరీ ఎక్కువనిపించిందేమో, రెండో ఏడాది 2.1 శాతం. మూడో ఏడాది 10 శాతం దాటిందట, అంటే అప్పటికీ పదిలో దాదాపు తొమ్మిది వంతులు మధ్యవర్తుల మీదుగానే పోయాయి. విమానం టిక్కెట్లు, వర్క్‌షాపులు, సామర్థ్యం పెంచే శిక్షణలు ఊరికే అవుతాయా! అందులో ఒక శిక్షణ ఆదివాసులకు అడవిని ఎలా కాపాడాలో నేర్పేది అయి ఉంటే నేను ఆశ్చర్యపోను.

మన దేశం ఈ విషయంలో అందరికంటే విశాల హృదయం చూపింది. ఆదివాసుల హక్కుల ప్రకటనకు 2007లో ఐక్యరాజ్యసమితిలో ఓటేస్తూ, స్వాతంత్ర్యం నాటికి ఇక్కడున్న భారతీయులందరూ, వాళ్ళ సంతతీ మూలవాసులేనని చెప్పింది. ఏజెన్సీలో గ్రామసభ పెట్టి, తీర్మానం పుస్తకంలో వేలిముద్రలు తీసుకుని, పైన ఏం రాయాలో తర్వాత రాసుకునే అధికారి కూడా మూలవాసే. బెలేమ్‌లో ఆ కొత్త అడవి నిధిలో భారత్ పరిశీలక హోదాలో చేరింది. అంటే దేశమే పరిశీలకుడు. మరి పాడేరులో, ఉట్నూరులో ఉన్నవాళ్ళు పరిశీలకుడిని దూరం నుంచి పరిశీలించేవాళ్ళు.

ఆ లెక్కన హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాటులో ఉండే నేను కూడా మూలవాసినే. ఎకరానికి ఆ 28 రూపాయలు ఎప్పుడు పంచినా నా దరఖాస్తు సిద్ధంగా ఉంది. ఎకరం లేదు, బాల్కనీలో మూడు కుండీలున్నాయి. అడవి లేదు, ఒక కుండీలో కరివేపాకు ఉంది. కానీ మూడేళ్ళ ఐటీ రిటర్నులున్నాయి, ఆడిటర్ ఉన్నాడు, ఇంగ్లీషులో రిపోర్టు రాయగలను, జూమ్‌లో మ్యూట్ తీయడం వచ్చు. వాళ్ళు అడుగుతున్నవన్నీ ఇవే కదా.