ఇంటి ముందు బండ మీద కొలువున్న పాలిష్ గారికి

మహారాజశ్రీ పాలిష్ గారికి,

కావలి నుంచి చెప్పుల్లేని కాళ్లవాడొకడు నమస్కరించి రాయునది. ఉత్తరం మొదట్లో ‘ఇక్కడ అందరం క్షేమం’ అని రాయడం మర్యాద. అక్టోబరు వానల్లో తమరి మీద అడుగుపెట్టిన వాళ్ల సంగతి విడిగా చెప్పుకోవాల్సి ఉంది కాబట్టి, ఆ వాక్యం ఈసారికి వదిలేస్తున్నాను.

ముందే ఒక మాట. నా పేచీ రాయితో కాదు, వాకిట్లో దాన్ని అద్దంలా నునుపు చేసే తమరితో. ఒంగోలుకు 20 కిలోమీటర్లకు అటూఇటూగా ఉన్న చీమకుర్తిలో పుట్టిన బ్లాక్ గెలాక్సీ అనే నల్లరాయి మీద నాకూ గర్వమే. నల్లటి ఒంట్లో మెరిసే ఆ బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. షాపుల్లో గ్రానైట్ అనే అమ్ముతారు గానీ, భూగర్భశాస్త్రం చదివినవాళ్లు ఆ రాయిని గ్రానైట్ అనరు, గాబ్రో అనే మరో రాతి జాతిలో వేస్తారు. అయినా అదేమీ గొప్పలు పోకుండా ఓడెక్కి చైనాకూ యూరప్‌కూ వెళ్లి, అక్కడి గోడలకూ వంటగట్లకూ బుద్ధిగా అతుక్కుని బతుకుతోంది. ఇక్కడే, సొంత జిల్లాలో, తమరు దాని నెత్తినెక్కి దాన్ని వాకిట్లోకి లాక్కొచ్చారు. గొడవంతా అక్కడ మొదలైంది.

తమరి వ్యాపార రహస్యం నాకు తెలుసు. షాపులో బండల్ని నిలబెట్టి చూపిస్తారు. నిలబెట్టిన బండ మీద ఎవడూ జారిపడడు. కుర్రాడు మగ్గుతో నీళ్లు చల్లుతాడు, చుక్కలు తళుక్కుమంటాయి. కొనడానికొచ్చిన ఆయనకు అందులో తన మొహం కనిపిస్తుంది, వెంట వచ్చిన భార్యకు తన మొహం కనిపిస్తుంది. ఇద్దరూ కలిసి చదరపు అడుగుకు ఎంతని అడుగుతారు. ఆ బండను నేల మీద పడుకోబెట్టి, నీళ్లు పోసి, చెప్పులు విడిచి ఒక్కసారి దాని మీద నడిచి చూద్దామని అడిగినవాళ్లను నేనింతవరకు చూడలేదు. అడిగితే షాపాయన పిచ్చివాడనుకుంటాడని భయం. వేలకు వేలు పోసి కొనేటప్పుడు కూడా మనకు మొహమాటం అడ్డొస్తుంది చూడండి, తమరి అసలు పెట్టుబడి అదే.

మాది చెప్పులు గేటు దగ్గర విడిచే దేశం. గేటు నుంచి గడప దాకా ఉన్న ఆ నాలుగడుగులూ వట్టికాళ్లతోనే నడవాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మా పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ఆ ఎండలో నల్లబండ ఎంత కాలుతుందో ఒంగోల్లో మా బావ వాళ్ల వాకిట్లో మిట్టమధ్యాహ్నం చూడాలి. శుభలేఖ ఇవ్వడానికి వచ్చిన పెద్దమనుషులు గడప చేరేలోపు కూచిపూడి, భరతనాట్యం రెండూ పూర్తి చేస్తారు. ఇందులో తమరి తప్పేమీ లేదు, వేడి పీల్చేది నలుపు కదా అని తమరు వాదించవచ్చు. నిజమే. కానీ ఆ రాయిని గరుకుగా వదిలేస్తే బూడిదరంగులో అణకువగా ఉండేది. అరగదీసి అరగదీసి దాన్ని అంత చిక్కటి నలుపు చేసింది ఎవరు?

ఇక వానలు. మా నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు అసలు వానాకాలం ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఒక వాయుగుండం వెళ్లేలోపు ఇంకొకటి. నునుపు బండ మీద పల్చగా నీళ్లు నిలిస్తే కాలికి పట్టు ఉండదు. నాలుగు రోజులు ఎండ రాకపోతే అంచుల్లో పాచి కూడా పడుతుంది. మా అత్తయ్య ఆ మూడు నెలలూ గోడ పట్టుకుని ప్రదక్షిణ చేసినట్టు నడుస్తుంది. ఆమె కోసం మా బావ ఏం చేశాడో తెలుసా? తమరి మీద వరసగా గోనెపట్టాలు పరిచాడు. పగలు చూస్తే గోనెపట్టాలు, రాత్రి చూస్తే గోనెపట్టాలు. వాటి కింద ఎక్కడో గెలాక్సీ ఉందట. ఇంటికొచ్చిన వాళ్లకు పట్టా ఒక మూల ఎత్తి చూపిస్తాడు.

ధనుర్మాసం ముగ్గుల సంగతి అక్కయ్యను అడగండి. పేడనీళ్ల కళ్లాపి పట్టిన మట్టివాకిలి పిండిని పట్టుకుంటుంది. తమరు పట్టుకోరు. చుక్క పెట్టేలోపు గాలికి చుక్క పక్కింటికి పోతుంది. చివరికి స్టిక్కర్ ముగ్గు తెచ్చి అతికించింది. ఏడాది పొడుగునా అదే ముగ్గు, సంక్రాంతికి కూడా.

మరి వాకిట్లో ఏం పరచమంటావని తమరు అడగరని తెలుసు, అయినా చెబుతాను. మార్కాపురం పలకరాయి ఉంది. ఒకప్పుడు బడిపిల్లలు అఆలు దిద్దిన పలకలు ఆ రాతివే. అది పొరలు పొరలుగా ఉండే రాయి, ఉలి పెట్టి కొడితే పొర వెంట విడిపోతుంది. అలా విడిన ముఖం పుట్టుకతోనే ఎగుడుదిగుడుగా ఉండి కాలిని పట్టుకుంటుంది, తమరి అవసరం అసలు రాదు. కొనేటప్పుడు అంచులు గోటితో గీరి, పొర లేచిపోతోందా అని చూసుకుంటే చాలు. బేతంచెర్ల, కడప, తాండూరు వైపు నుంచి వచ్చే నాపరాళ్లు కూడా మంచివే, పైముఖం నున్నగా తీయకుండా ఉన్నవి అడగాలి. అవి సున్నపురాళ్లు, పులుపుకు పడవు. నిమ్మరసం చుక్క వేసి కాసేపు ఆగి తుడిస్తే అక్కడ కళ తప్పుతుంది. అందుకే పని అయ్యాక సిమెంటు మరకలు పోవడానికి మేస్త్రీ యాసిడ్ డబ్బా తెస్తే గేటు బయటే ఆపాలి. గ్రానైటే కావాలనుకుంటే, గ్యాస్ మంటతో పైపొర చిట్లగొట్టి గరుకు చేసిన ఫ్లేమ్ ఫినిష్ ఉండనే ఉంది. గెలాక్సీకి అలా చేస్తే చుక్కలు మసకబారతాయి. “అలాగైతే ఇంక గెలాక్సీ ఎందుకు సార్?” అంటాడు షాపాయన. ఆయన నోటి నుంచి నేను విన్న అత్యంత నిజాయితీ గల మాట అది. వాకిలికి చుక్కలు లేని మామూలు బూడిదరంగు రాయి చాలు. నల్లరాయే తీసుకునేవాళ్లు మాత్రం తెల్లగుడ్డకు థిన్నర్ తడిపి ఒకసారి తుడవాలి. గుడ్డ నల్లబడితే అది రాయి నలుపు కాదు, పూసిన నలుపు. తమరి చుట్టాల్లో ఆ రంగు డబ్బా కూడా ఉందని విన్నాను.

రాయి ఏదైనా వాటం సరిగా లేకపోతే అంతా వృథా. ఇంటి గోడ నుంచి గేటు వైపుకు మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు దిగాలి. “నీళ్లు వాటంతట అవే పోతాయిలే సార్” అనే మేస్త్రీ చేత పని అయిన రోజే రెండు బకెట్లు పోయించి చూడాలి. బండను కర్రతో తడితే డొల్లగా మోగినచోట కింద మాలు నిండలేదని అర్థం. కారు ఎక్కే చోట అలా డొల్లగా ఉంటే, వంటగట్టుకు వేసే 18 మిల్లీమీటర్ల బండ ఎన్నాళ్లో నిలవదు. అక్కడికి 30 మిల్లీమీటర్ల మందమైనా ఉండాలి. ఈ సంగతులు షాపులో ఎవరూ మాట్లాడరు. తమరు అక్కడ మెరుస్తూ ఉండగా వాటం గురించి ఎవరికి గుర్తొస్తుంది?

తమరికి పని లేకుండా చేయాలని నా ఉద్దేశం కాదు. వంటగట్టు మీద ఉండండి, చారు ఒలికితే ఒక్క తుడుపుకు పోతుంది. దేవుడి గదిలో గోడకు ఉండండి, దీపం మీలో రెండుగా కనిపిస్తుంది. అక్కడ మీ మీద నడిచేవాళ్లు లేరు.

చివరగా ఒక మనవి. వచ్చే వారం మా వీధిలో కొత్తగా ఇల్లు కట్టినాయన ఇంటి ముందుకు బండలు కొనడానికి చీమకుర్తి వెళ్తున్నాడు. వెంట వాళ్లమ్మ కూడా వస్తుందట. ఆయన్ను తమరు ఎలాగూ పడగొడతారు. ఆమె మాత్రం షాపులోకి వెళ్లేముందు చెప్పులు బయటే విడుస్తుంది, కాస్త జాగ్రత్త.

ఇట్లు,
తమరి మెరుపుకు దూరంగా, గోడవారగా నడిచే
ఒక కావలివాడు