సవరణ: ఆ రక్తనాళం అంత లావు కాదు

పోయిన వారం పెట్టిన పోస్టులో, ఆపరేషన్‌లో తీసిన పిత్తాశయం ముక్కలో ఒక కేశనాళిక (అతి సన్నని రక్తనాళం) వెడల్పు 30 మైక్రాన్లు అని రాశాను. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తప్పు. అది 7.5 మైక్రాన్లే.

పట్టుకున్నది మా శ్రీకాకుళం ల్యాబ్‌లో స్లైడ్లు తయారుచేసే కుర్రాడు. ఫొటో చూసి, "ఏటి సార్, అందులో ఎర్రకణం కూడా అంతే లావుందేటి?" అన్నాడు. ఎర్రకణం మామూలుగా 7, 8 మైక్రాన్లు. ఒక్క కణమే నాళమంతా నిండిపోతే ఆ నాళం 30 ఎలా అవుతుంది? నా దగ్గర జవాబు లేదు.

ఐపీస్‌లోని స్కేలు గీతలకు సొంత కొలత ఉండదు, లెన్సు మారితే విలువ మారుతుంది. స్టేజ్ మైక్రోమీటర్ (అసలు కొలతతో గీతలు గీసిన గాజు స్లైడు) పెట్టి సరిచూస్తే మా మైక్రోస్కోపులో 10ఎక్స్ లెన్సు దగ్గర ఒక గీత 10 మైక్రాన్లు, 40ఎక్స్ దగ్గర 2.5. నేను చూసింది 40లో, గుణించింది 10 లెక్కతో. మూడు గీతలు కాస్తా ముప్ఫై మైక్రాన్లయ్యాయి.

ఇంకోటి, "గోధుమ రంగు తేలిందంతా రక్తనాళమే" అన్నాను. అదీ సరికాదు. సీడీ34 స్టెయిన్ (నాళాలు గోధుమ రంగులో తేలడానికి వేసే రంగు) నాళాల లోపలి పొరతో పాటు చుట్టుపక్కల కొన్ని బంధన కణాలకూ పడుతుంది. పక్కన, నాళాల లోపలి పొరను ఇంకాస్త కచ్చితంగా చూపే సీడీ31 స్టెయిన్ వేసిన స్లైడు పెట్టుకుని పోల్చి ఉండాల్సింది.

నాళం వెడల్పుకు పొట్టి వైపు అడ్డకొలతే తీసుకోమని ఆ పోస్టులో అన్న మాట మాత్రం మార్చను. మునగకాడని ఏటవాలుగా కోస్తే ముక్క కోలగా వస్తుంది కదా, నాళమూ అంతే. పొడుగు వైపు కొలిస్తే లేని లావు కనిపిస్తుంది. పైగా స్లైడు చేయడానికి ముక్క చెడకుండా ఉంచే ఫార్మలిన్, కోయడానికి పట్టించే మైనం దాటేసరికి ముక్క కొంత ముడుచుకుంటుంది. కాబట్టి 7.5 కూడా స్లైడు మీది కొలతే, ఒంట్లోది కాదు.

పాత ఫొటో కింద అంకె మార్చాను.