మా సందు మొదట్లోని స్లూయిస్ వాల్వు గారికి

మా సందు నీటి పైపును తెరిచి మూసే మహారాజశ్రీ నాలుగంగుళాల స్లూయిస్ వాల్వు గారి దివ్య సముఖమునకు, తమరి దయ మీద ఆధారపడిన చిట్టచివరి కుళాయి తాలూకు వినియోగదారుడు అనేక నమస్కారాలతో వ్రాసుకొను విన్నపము.

ముందుగా అభినందనలు స్వీకరించండి. తమరిని పోతపోసి మా ఊరికి పంపిన కంపెనీ వారి వార్త నిన్నటి పత్రిక వాణిజ్య పేజీలో రంగుల ఫొటోతో పడింది. నీటి సరఫరా సంస్థల నుంచి కొత్త ఆర్డర్లు వచ్చాయట. మోటారు సాయంతో దానంతట అదే తెరుచుకుని, తాను ఎంత మేరకు తెరుచుకున్నదీ ఆఫీసులోని తెర మీద చూపించే స్మార్ట్ వాల్వులను విడుదల చేశారట. తరతరాల మన్నికకు తామే హామీ అట. ఆ వార్తను అక్షరం వదలకుండా చదివే తీరిక నాకు ఎలా చిక్కిందంటే, పైపు మరమ్మతు పూర్తయిందనీ, పదింటికల్లా నీళ్ళు వదులుతామనీ మైకులో చెప్పుకుంటూ పోయిన ఆటో మాట నమ్మి, ఉన్న బిందెలన్నీ కుళాయి ముందు వరుసగా పెట్టుకుని, పొద్దు వాలేదాకా కూర్చున్నాను కనుక.

ఆ సమయంలో తమరి సన్నిధిలో జరిగిన కార్యక్రమం తమరికి తెలిసినదే అయినా, పై అధికారులకు తెలియదు కనుక మనవి చేస్తాను. ఈమధ్యనే కాంట్రాక్టు మీద చేరిన ఫిట్టరు కుర్రాడు వాల్వు తిప్పే ‘T’ ఆకారపు ఇనుప తాళం భుజాన వేసుకుని వచ్చాడు. తమరి దర్శనమే మొదటి గండమైంది. సిమెంటు రోడ్డు వేసిన కాంట్రాక్టరు తమరి గుంత మూత మీదుగానే కాంక్రీటు పోయించి, పైన నున్నగా చదును కూడా చేయించి వెళ్ళిపోయాడు. కిరాణా కొట్టు మెట్టుకు ఎదురుగా అని ఒకరు, కరెంటు స్తంభానికి ఇవతల అని మరొకరు ఆనవాళ్ళు చెప్పగా, పాపం ఆ కుర్రాడు రోడ్డును చోటు మార్చి చోట పగలగొట్టుకుంటూ పోతే చివరికి మూత దొరికింది. లేపి చూస్తే లోపల మురుగు ఊట, తేలుతున్న గుట్కా పొట్లాలు, వాటి నడుమ తమరి నెత్తి మీది చదరపు టోపీ కొస మాత్రం కనిపించాయి. తాళం దింపి ఒంట్లోని బలమంతా పెట్టి తిప్పాడు. "తిరిగిందా బాబూ?" అని ఎదురింటి మామ్మగారు అడిగితే, "తిరిగిందండీ మామ్మగారూ, తెరుచుకుందో మూసుకుందో మాత్రం తెలియట్లేదు" అన్నాడు. నీటి సరఫరా విషయంలో ఇంత నిజాయితీ గల ప్రకటన నేను ఇంతకు ముందెన్నడూ వినలేదు.

నా అసలు ఫిర్యాదు ఇక్కడే ఉంది. తమరి కడుపులో ఉన్నది ఒక ఇనుప పలక, దాన్ని ఎత్తి దించే ఒక మరకడ్డీ. నాలుగంగుళాల వాల్వు పూర్తిగా తెరుచుకోవాలంటే ఆ కడ్డీని పదిహేను చుట్లకు అటూ ఇటూగా తిప్పాలి. చేతిచక్రం ఉన్న వాల్వులకైతే ఎటు తిప్పితే మూత పడుతుందో చక్రం మీదే బాణం గుర్తు ఉంటుంది. భూమిలో పాతిన తమరికి చక్రానికి బదులు టోపీ పెట్టారు, టోపీ మీద ఏ గుర్తూ లేదు. కనుక మా సందుకు ఎన్ని చుట్లు, గుడి వీధికి ఎన్ని చుట్లు, ఏ వాల్వు కుడికి మూసుకుంటుంది, ఏది ఎవరో ఎప్పుడో బిగించిన తిరకాసు రకం అన్నదంతా ఒక్క మనిషికే తెలుసు. ఆయన మా పాత ఫిట్టరు గారు. తాళం పట్టుకుంటే చేతికి తగిలే బిగువును బట్టి, కాలి కింద నీటి చప్పుడును బట్టి, ఎక్కడ ఆపాలో ఆయనకు అర్థమయ్యేది. ఆయన పదవీ విరమణ చేసిన రోజున దండ వేశారు, శాలువా కప్పారు, తాళం తిరిగి తీసుకున్నారు. తలలో ఉన్నది మాత్రం ఎవరూ అడగలేదు. ఇంటింటి కుళాయి పన్ను బకాయిని పైసలతో సహా రాసిపెట్టుకునే కార్యాలయంలో, వీధివీధికీ ఉన్న వాల్వుల చుట్ల లెక్కకు నలభై పేజీల నోటుపుస్తకం ఒక్కటి కూడా లేదు.

పోనీ ఆయన ఉన్న రోజుల్లోనైనా తమరికి న్యాయం జరిగిందా అంటే అదీ లేదు. స్లూయిస్ వాల్వు అన్నది పూర్తిగా తెరవడానికో పూర్తిగా మూయడానికో పుట్టిన వస్తువు. మా ఊళ్ళో దాన్ని రేషను కొట్టు తరాజులా వాడతారు. ట్యాంకులో ఉన్న నీళ్ళు అందరికీ చాలవు కనుక, పై వీధికి కాసేపు సగం, కింది వీధికి మరి కాసేపు పావు అని పంచిపెడతారు. అలా సగంలో నిలబడ్డ పలక కింది నుంచి నీళ్ళు ఇరుకుదారిన దూసుకుపోతూ దాన్ని అదరగొడతాయి, పలకా దాని ఆనుడు అంచులూ అరిగిపోతాయి, ఇసుక కూడా తోడైతే ఇక చెప్పనక్కరలేదు. కొన్నేళ్ళు గడిచేసరికి మూసినా కారేది, తెరిచినా రానిది అయిన తమరి ప్రస్తుత అవతారం సిద్ధమవుతుంది. 24 గంటలూ పైపు నిండి ఉండే చోట వాల్వుకు ఈ అగచాట్లు ఉండవు, మరమ్మతు వచ్చినప్పుడు తప్ప దాన్ని ముట్టుకునే పనే పడదు. అలాంటి సరఫరా ఉన్న ఒడిశాలోని పూరీ పట్టణంలో 2021 జులై నుంచి నేరుగా కుళాయి కింద గ్లాసు పెట్టుకుని తాగవచ్చునని ప్రకటించారు. మేము కుళాయి కింద గ్లాసు పెట్టిన ఉదయం వచ్చిన రంగు గురించి ఇక్కడ రాయను. సరఫరా ఆగి పైపు ఖాళీ అయినప్పుడు, తమరి మెడ దగ్గర కడ్డీ చుట్టూ నీళ్ళు కారకుండా ఆపవలసిన గ్లాండు వదులైతే, ఆ సందులోంచి గుంతలోని మురుగు లోపలికి పీల్చుకుపోతుందని మాత్రం గుర్తు చేస్తాను. ఆ మెడకు కొత్త ప్యాకింగు తాడు వేయమంటే సైకిలు ట్యూబు ముక్క చుట్టి వెళ్ళారు.

భారతీయ ప్రమాణం ఐఎస్ 14846 ప్రకారం తమ వంటి వారు చదరపు సెంటీమీటరుకు కనీసం 10 కిలోల ఒత్తిడికి, అంటే దాదాపు 100 మీటర్ల ఎత్తు నీటి బరువుకు, తట్టుకుని నిలబడాలి. నిలబడతారు కూడా, ఆ విషయంలో సందేహం లేదు. మా ఇంటి మొదటి అంతస్తు ఎక్కలేక మెట్ల దగ్గరే ఆగిపోయే నీటికి అంతటి వీరుణ్ణి కాపలా పెట్టారు. పట్టణాల్లో తలకు రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్న కొలమానం కూడా పుస్తకాల్లో ఉంది. నిన్న మా వాటా ఒకటిన్నర బిందె, అందులో సగం తుప్పు.

ఇక మర్యాదలు చాలు. ఓ వాల్వూ, నీ మీద నాకు కోపం లేదు. మురుగులో మునిగి, సిమెంటు కింద ఊపిరాడక, ఏళ్ళ తరబడి నూనె చుక్క ఎరుగక, నిన్న ఆ కుర్రాడు వేలాడితే ఇంకా కదిలావంటే నువ్వు మొండిదానివే. నా మంట ఆ రంగుల ఫొటోలోని వారి మీద. అయ్యా కంపెనీ వారూ, మీ స్మార్ట్ వాల్వు నూటికి నలభై పాళ్ళు తెరుచుకుని ఉన్నానని ఏ తెర మీద చూపిస్తుంది? మా ఆఫీసులో ఉన్న కంప్యూటరు మీదా? అది లేచే రోజున కరెంటు ఉండొద్దా? సిమెంటు కింద పూడ్చిన దాని మోటారుకు తీగ ఎవరు లాగుతారు, పాడైతే ఎవరు వస్తారు? మీరు అమ్మే ప్రతి వాల్వుతో పాటు, ఎటు తిప్పాలో, ఎన్ని చుట్లు తిప్పాలో పోతపోసిన ఒక రేకు ముక్క పంపండి, గుంత పక్క గోడకు మేకు కొట్టుకుంటాం. దానికి ఏ ప్రదర్శనలోనూ బహుమతి రాదు, నాకు తెలుసు. కొనే అధికారులూ దాన్ని టెండరులో అడగరు. రేకు కనిపెడితే ఎవరికీ రిబ్బను కత్తిరించే అవకాశం రాదు కదా!

అంతవరకూ ఆగలేక, పాత ఫిట్టరు గారి ఇంటికి పోయి అడిగాను. ఆదివారం పొద్దున వస్తానన్నారు. కాఫీ ఇప్పిస్తే చాలన్నారు. ఆయన తిప్పుతుంటే కుర్రాడు లెక్క పెడతాడు, నేను కిరాణా కొట్టు గోడ మీద ఎర్ర పెయింటుతో బాణం గుర్తూ చుట్ల సంఖ్యా రాయిస్తాను. గోడ పాడుచేశానని మున్సిపాలిటీ వారు జరిమానా వేస్తే కడతాను, రసీదు మాత్రం ఇవ్వాలి. తమరు ఆ పూట కాస్త సహకరించి తిరగవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
చిట్టచివరి కుళాయి తాలూకు వినియోగదారుడు

తా.క.: నీటి పన్ను నోటీసు ఈ ఉదయమే అందింది. తెచ్చినాయనకు మా ఇంటి ఆనవాళ్ళు ఎవరినీ అడగవలసిన పని పడలేదు.