మెరుపు చూసి ట్రైలరు కొనకండి

వారాంతంలో బెంగళూరు నుంచి లేపాక్షికో, హార్స్‌లీ హిల్స్‌కో, నాలుగు రోజులు సెలవు దొరికితే గండికోటకో బయలుదేరే తెలుగు కుటుంబాలకు, పడుకోవడానికీ వండుకోవడానికీ వీలుగా ఉండి, కారు వెనుక తగిలించుకుపోయే చిన్న ఫైబర్‌గ్లాస్ (గాజునార) ట్రైలరు నిజంగా పనికొచ్చే వస్తువు. గది దొరుకుతుందా అన్న బెంగ ఉండదు, వంట మన చేతిలో ఉంటుంది. నా అభ్యంతరమల్లా కొనేటప్పుడు దాన్ని చూసే తీరు మీదే. పాలిష్ పెట్టిన తెల్లటి తొడుగు చూసి బేరం కుదుర్చుకుంటారు. అన్నిటికంటే ఎక్కువ కాలం మన్నేది ఆ తొడుగే. చెడేవన్నీ దాని అడుగునా, దానికి పెట్టిన కన్నాల చుట్టూ ఉంటాయి.

ఈ బండ్ల చరిత్ర కూడా అదే చెబుతుంది. 1968లో కెనడాలోని విన్నిపెగ్‌లో రే ఒలెకో 13 అడుగుల బోలర్ ట్రైలరును తెచ్చారు. అంతకు ముందు ఆయన ఫైబర్‌గ్లాస్ సెప్టిక్ ట్యాంకులపై పనిచేశారు. పై సగం, కింది సగం వేర్వేరు అచ్చుల్లో తీసి నడుము దగ్గర గుడ్డు పెంకుల్లా కలిపేశారు. చెక్క చట్రం మీద రేకు బిగించిన ట్రైలరుకు మూలమూలనా అతుకే, దీనికి ప్రధానమైన అతుకు ఒక్కటే. అందుకే ఆనాటి బోలర్లు ఇప్పటికీ రోడ్ల మీద కనిపిస్తాయి. వాటిలో పేరుమోసిన లోపం మాత్రం చాసిస్‌ది, అంటే బాడీని మోసే ఇనుప చట్రానిది. బాడీ కింద నుంచి హిచ్ (కారుకు తగిలించే కొక్కెం) వైపు ఇనుము వంపు తిరిగే చోట పగుళ్లు వస్తాయి. కాబట్టి పాత బండి దగ్గరికి వెళితే ముందు టార్చి లైటు పట్టుకుని కిందకు దూరండి. వెల్డింగు మీద కొత్తగా రంగు పూసి ఉంటే ఎందుకు పూశారో అడగండి.

తర్వాత లోపలికి. గడప పక్కన, బెంచీ పెట్టెల అడుగు మూలల్లో బొటనవేలితో గట్టిగా నొక్కండి. ప్లైవుడ్ మెత్తగా దిగితే కుళ్లు పట్టినట్టే. పైకప్పు వెంటిలేటరు, కిటికీ రబ్బర్లు, రివెట్లు, వెనుక లైట్లు... నీరు దిగేది వీటి చుట్టూనే. జూన్‌లో మొదలైన వాన అక్టోబరు దాటినా వదలని బెంగళూరులో ఇది చిన్న విషయం కాదు. కారే చోటల్లా సిలికాన్ పూసేయడం మనవాళ్ల అలవాటు. దయచేసి ఆ పని చేయకండి. దాని జిడ్డు మిగిలిన చోట ఆ తర్వాత రెసిన్ (గాజునారను పట్టి ఉంచి గట్టిపడే జిగురు ద్రవం) పట్టదు, రంగు పట్టదు. ఫిట్టింగు ఊడదీసి, పాతదంతా గీకి, బ్యూటైల్ టేపు (నీరు దిగకుండా ఆపే మెత్తటి రబ్బరు పట్టీ) వేసి బిగించాలి.

తొడుగు పగిలినా ఈ ఊళ్లో బెంగపడనక్కర్లేదు. ఇక్కడి నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ రూపొందించిన హంస శిక్షణ విమానం శరీరం కూడా గాజునార కాంపోజిట్‌దే, అది 1993లోనే ఎగిరింది. పీణ్య పారిశ్రామికవాడలో ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్‌గ్లాస్) పని చేసే షెడ్లున్నాయి. పగులు చుట్టూ ఏటవాలుగా అరగదీసి, రెసిన్‌తో తడిపిన మ్యాట్ (గాజునార చాప) పొరలు వేసి, పైన జెల్‌కోట్ (మెరిసే పై పూత) ఇస్తారు. ఇంట్లో సొంతంగా చేసుకునేవారు ఒక్కటి మరవకూడదు: రెసిన్‌ను గట్టిపరిచేందుకు వేసే యాక్సిలరేటరునూ హార్డనరునూ నేరుగా కలిపితే పేలుతుంది. ఒకటి రెసిన్‌లో పూర్తిగా కలిశాకే రెండోది వేయాలి. ఇక ఎండకు జెల్‌కోట్ వెలిసి, వేలితో రాస్తే సుద్దపొడి అంటుకుంటుంటే దానికి బఫింగు, మైనం చాలు.

నెలల తరబడి కదలకుండా నిలబడే బండి టైర్లు అరిగి కాదు, వయసు మీరి పోతాయి. టైరు పక్కన ఉన్న తయారీ అంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం. ఐదారేళ్లు దాటితే టైరు గాడులు ఎంత లోతుగా ఉన్నా మార్చేయాలి. చక్రాల బేరింగులు ఏడాదికోసారి విప్పి గ్రీజు పెట్టించాలి.

కాగితాల దగ్గర మొహమాటం అసలే వద్దు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలరు కూడా మోటారు వాహనమే. దానికి సొంత రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, లాగే కారు నంబరూ దాని మీద కనిపించాలి. 'ట్రైలరుకు ఆర్‌సీ ఎందుకు సార్' అనే అమ్మకందారు దగ్గర అడ్వాన్సు కూడా ఇవ్వకండి.

బరువు విషయంలో నోటిమాట నమ్మవద్దు, వేబ్రిడ్జి మీద మీ కళ్ల ముందే తూకం వేయించండి. ఖాళీగా ఒకసారి, నీళ్లు, గ్యాస్ సిలిండరు, సామాను నింపి మరోసారి. నిండు బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడాలి. 600 కిలోల బండికి అది 60 నుంచి 90 కిలోలు. అంతకు తగ్గితే హైవే మీద వేగం అందుకోగానే ట్రైలరు అటూ ఇటూ ఊగి కారునూ ఊపేస్తుంది. నిండు బరువు మీ కారు మాన్యువల్‌లో రాసిన పరిమితిని దాటినా, అసలు ఆ కారుతో ఏదీ లాగవద్దని అందులో రాసి ఉన్నా, ఆ జత మీకు కుదరదు. ఇంకా తేలికైన ట్రైలరు వెతకండి, లేదా ముందు కారు సంగతి తేల్చుకోండి.