తట్టు తగిలితే గట్టిపడతారా?

పొద్దున్నే అపార్ట్‌మెంట్ గ్రూపులో, పదింటికి ఇంటర్ బ్యాచ్ గ్రూపులో, అన్నానికి కూర్చునేసరికి మా పిన్ని దగ్గర్నుంచి. అదే మెసేజ్: "డాక్టర్లు దాచిన ఐదు నిజాలు." కింద పది మందికి పంపమని వేడుకోలు. పిన్నికి జవాబివ్వక తప్పదు కాబట్టి అందరికీ కలిపి ఇక్కడే చెప్తున్నా.

మొదటి నిజమట: టీకాల వల్లే కరోనాలో కొత్త వేరియంట్లు పుట్టాయి. డెల్టా మన దేశంలో 2020 చివరి నమూనాల్లోనే ఉంది. మన దగ్గర మొదటి టీకా పడింది 2021 జనవరి 16న. ఇంకా వేయని సూదికి జడిసి వైరస్ ముందే వేషం మార్చేసిందా? అది పెరిగిన ప్రతిచోటా తనను తాను నకలు తీసుకుంటుంది, నకల్లో తప్పులు దొర్లుతాయి. ఎంత మందికి సోకితే అన్ని తప్పులు. మన ఒంటి రక్షణను తప్పించుకోగల తప్పు నిలదొక్కుకుంటుందన్నది నిజమే. ఏటా ఫ్లూ టీకా మార్చేది అందుకే. టీకా వేసుకున్న నాకూ ఒమిక్రాన్ అంటుకుంది.

అసలు ఈ వాదనకు పనికొచ్చే ఉదాహరణ మన ఊళ్లోనే ఉంది. రాసిన మహానుభావుడికి తెలిసినట్టు లేదు, నేనే ఇస్తా. 2016లో హైదరాబాద్ మురుగునీటిలో పోలియో వైరస్ దొరికింది. అది పోలియో చుక్కల మందులోని బలహీనమైన వైరస్ మారిన రూపమే. ఒప్పుకుంటున్నా. కానీ దానికి మళ్లీ కోరలు రావాలంటే, మామూలుగా, చుక్కలు పడని పిల్లల మధ్య నెలల తరబడి తిరగాలి. అప్పుడు అధికారులు చేసిందేమిటి? దాదాపు 3 లక్షల మంది పిల్లలకు ఇంకో టీకా, ఈసారి చచ్చిన వైరస్‌తో చేసిన సూది, వేయడానికి పూనుకున్నారు.

రెండోది తట్టు (మీజిల్స్) గురించి, చదివి ఒళ్లు మండింది. "తట్టు వచ్చిన ఇంటికి పిల్లల్ని ఆడుకోవడానికి పంపండి, వచ్చిపోతే గట్టిపడతారు. మా నాయనమ్మ వేపాకుల మీద పడుకోబెట్టేది, అందరం బాగానే ఉన్నాం." మా నాయనమ్మా పడుకోబెట్టింది. ఆవిడకు తొమ్మిది కాన్పులు, మిగిలింది ఐదుగురు. తక్కిన నలుగురి పేర్లు బోనాల నాడు మాత్రమే తలిచేది.

రక్షణ లేని గుంపులో తట్టు రోగి ఒక్కడు 12 నుంచి 18 మందికి అంటించగలడు. దద్దు కనబడటానికి నాలుగు రోజుల ముందునుంచే అంటిస్తాడు. అతను వెళ్లిపోయాక కూడా గదిలో గాలిలో రెండు గంటల దాకా వైరస్ ఉంటుంది. మీరు ఆడుకోవడానికి పంపిన పిల్లాడు లిఫ్టులో ఎదురింటి ఏడు నెలల పాప బుగ్గ గిల్లుతాడు. ఆ పాపకు టీకా వయసే రాలేదు, తట్టు, రుబెల్లాలకు కలిపి వేసే ఎంఆర్ టీకా మొదటి డోసు 9 నెలలు నిండాకే.

ఇక గట్టిపడటం. 2019లో వెలువడిన పరిశోధనలో, టీకా పడని నెదర్లాండ్స్ పిల్లల రక్తాన్ని తట్టుకు ముందూ తర్వాతా చూశారు. వేరే జబ్బుల మీద ఒళ్లు కూడబెట్టుకున్న యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం దాకా మాయం. ఇల్లు గుల్ల చేసి పోయే చుట్టాన్ని పిలిచి మరీ పీట వేయమంటున్నారు!

మూడోది, లాక్‌డౌన్‌లో ఎవరినీ కలవక ఇమ్యూనిటీ పోయిందట. సగం నిజం. వాయిదా పడ్డ జలుబులన్నీ తర్వాత ఒక్కసారే మీద పడ్డాయి. అంతే. నాలుగోది పసుపు పాలు. తాగండి, నేనూ తాగుతా, బాగుంటాయి. ఐదోది, టీకా వేసిన చేతికి చెంచా అతుక్కుంటుందట. ఫొటో పెట్టేముందు చెమట తుడుచుకోండి.

పిన్నీ, నీ మనవరాలికి పదో నెల. కార్డులో తొమ్మిది నెలల గడి ఖాళీగా ఉందని మొన్న నువ్వే అన్నావు. బుధవారం బండి మీద హెల్త్ సెంటర్‌కు నేను తీసుకెళ్తా. మెసేజ్ ఉంచుకున్నా సరే, ఆ కార్డు మాత్రం వెతికి పెట్టు.