మహారాజశ్రీ తొమ్మిది పాయింట్ నాలుగు గారికి

హిమోగ్లోబిన్ 9.4 గారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. మీరూ గ్యాస్ పుస్తకానికీ పాత కరెంటు బిల్లులకూ మధ్య క్షేమంగానే ఉన్నారు. నిన్న ఏదో వెతుకుతుంటే నా రక్తపరీక్ష కాగితంతో పాటు చేతికి తగిలారు. ల్యాబ్ వాళ్లు మిమ్మల్ని లావు అక్షరాల్లో అచ్చేశారు పాపం. మా ఇంట్లో ఆ లావుకి ఎవరూ బెదరలేదు.

మీరొచ్చిన రోజు మా అత్తగారు ఎంతుందని అడిగారు, చెప్పాను. "తొమ్మిదేగా! మీ ఆయన కడుపులో ఉన్నప్పుడు నాకు ఏడు. బావిలో నీళ్లు తోడలేదూ?" అన్నారు. పందెంలో నేను ఓడిపోయాను. సాయంత్రం మా ఆయన రెండు బీట్‌రూట్లు తెచ్చి, వైద్యం అయిపోయినట్టు చేతులు దులుపుకున్నారు. ఎర్రగా ఉంటే రక్తమే అని ఆయన లెక్క. ఆ లెక్కన మా ఇంట్లో ఆవకాయ జాడీ చాలు.

మీ కొలతలూ చిత్రమైనవే. ఆడవాళ్లకు 12 ఉండాలి, కడుపుతో ఉంటే 11 చాలట. మా ఆడపడుచుకి 10.8. మామూలుగా అయితే అది 'మోడరేట్', అంటే మధ్యరకం రక్తహీనత; నెల తప్పింది కాబట్టి 'మైల్డ్', అంటే కొద్దిపాటిది. కడుపుతో ఉన్నప్పుడు రక్తం పలచబడుతుందని డాక్టరమ్మ చెప్పింది, సరే. కానీ ఆ మైల్డ్ కోసం ఏఎన్ఎం నర్సమ్మ ఇంటికొస్తుంది, 180 రోజుల ఐరన్ మాత్రలొస్తాయి, ఖర్జూరాలు, దానిమ్మకాయలు వస్తాయి. నేను అసలు సిసలు మోడరేట్‌ని. లోపల బిడ్డ లేదు కాబట్టి బీట్‌రూట్.

అన్నట్టు మీరొక్కరే వచ్చారు, ఒంట్లో దాచుకున్న ఐరన్ ఎంతో చెప్పే ఫెరిటిన్ రాలేదు. దానికి వేరే డబ్బులనేసరికి "ఇప్పుడెందుకులెండి" అన్నది నేనే. మీరు కంచంలో అన్నం, ఆవిడ బియ్యం డబ్బా. డబ్బా అడుగు గీకేదాకా కంచంలో తేడా తెలియదు. పైగా ఒంట్లో ఏదైనా ఇన్ఫెక్షన్ ఉంటే, ఖాళీ డబ్బా కూడా నిండుగా ఉన్నట్టు నటిస్తుందట. నెలకు ఏడు రోజులు నాకు ఎంత పోతోందో ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రాలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇంత శాతం ఓట్లొస్తే అసెంబ్లీకే గెలిచేయొచ్చు. ఇక మిమ్మల్ని జబ్బని ఎవరంటారు?

మాత్ర వేసుకుంటున్నాను లెండి. టీతో వేసుకుంటే ఐరన్ ఒంటికి పట్టదట, నిమ్మరసంతో మంచిదట. పొద్దున్నే నేను కూర్చునేది ఆ టీ గ్లాసు ముందు ఒక్కసారే. అదీ మీకే ఇచ్చేశాను.

వచ్చే నెల మళ్లీ రక్తం ఇవ్వాలి. అదే రోజు మా ఆయన షుగర్ చెకప్. ఆయనకు జిప్పున్న ఫైలు ఉంది, ఎప్పుడూ మోసేది నేనే. ఈసారి మీరూ అందులోనే సర్దుకోండి.

ఇట్లు,
మీ మోడరేట్