పోర్క్ చాప్‌కి నిమిషాలు చెప్పకండి, మందం చెప్పండి

"మీడియం మంట మీద ఒక్కో వైపు నాలుగు నిమిషాలు వేయించండి." పోర్క్ చాప్స్ ఎలా చేయాలని వెతికితే వీడియోల్లోనూ వాట్సాప్‌లోనూ ఇదే మాట. నాకు ఒళ్లు మండేది ఈ ఒక్క వాక్యం మీదే. ఎవరి మీడియం అండీ? అద్దె అపార్ట్‌మెంట్‌లో ఉండే పాత కాయిల్ స్టవ్ మీడియమా, గ్యాస్ మీడియమా, ఇండక్షన్ మీడియమా? చాప్ అర అంగుళం మందం ఉందా, ఒకటిన్నర అంగుళం ఉందా? ఎముక ఉన్నదా, లేనిదా? ఇవేవీ చెప్పకుండా నాలుగు నిమిషాలు అనడం కొత్తగా గరిటె పట్టినవాళ్లకు చేసే అన్యాయం.

ఇది ఎవరి కోసం రాస్తున్నానో చెప్తాను. చదువుకో ఉద్యోగానికో అమెరికా వచ్చి, మేక మాంసం ధర చూసి వెనక్కి తగ్గి, పక్కనే చవగ్గా కనిపించిన పోర్క్ చాప్స్ ఫ్యామిలీ ప్యాక్ కొనుక్కునే తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం. ఇంట్లో వంట నేర్చుకునే తీరిక లేక నేరుగా ఇక్కడే స్టవ్ ముందు నిలబడినవాళ్లు మీరు. వీడియో చెప్పినట్టే చేస్తారు. కోసి చూస్తే అంచులు గట్టిపడి పీచుగా ఉంటాయి, ఎముక పక్కన ఇంకా పచ్చిగా ఉంటుంది. భయపడి మళ్లీ పాన్‌లో పడేస్తారు. ఈసారి మొత్తం ఎండిపోతుంది. ఆ తర్వాత "నాకు వంట రాదు" అని మీకు మీరే తీర్పు చెప్పుకుంటారు. ఆ తీర్పు తప్పు. మీకు ఇచ్చిన సూచనలోనే సగం లేదు.

ముందు ఆ ముక్క ఏమిటో తెలియాలి. చాప్ అంటే పంది వెన్నెముక వెంట ఉండే కండ. ఆ కండకి పని తక్కువ. అందుకే అది మెత్తగానే ఉంటుంది, కొవ్వు కూడా తక్కువే. మన ఇళ్లలో మాంసం అనగానే కుక్కర్ ఎక్కించి విజిల్స్ లెక్కపెడతాం. భుజం ముక్కకి ఆ పద్ధతి సరిగ్గా సరిపోతుంది, దాంట్లోని గట్టి పొరలు ఎంత ఉడికితే అంత కరిగి జిగురవుతాయి. చాప్‌లో కరగడానికి ఆ పొరలు పెద్దగా లేవు. లోపలి వేడి 150 ఫారన్‌హీట్ దాటి పైకి వెళ్లేకొద్దీ కండలోని ప్రొటీన్లు బిగుసుకుని నీటిని బయటికి పిండేస్తాయి. 140 దగ్గర రసంగా ఉన్న ముక్క 160కి చేరేసరికి ఎండిపోతుంది. మధ్యలో ఉన్నది 20 డిగ్రీలు. వేడి పాన్ మీద ఆ 20 డిగ్రీలు దాటడానికి ఎంతోసేపు పట్టదు.

ఇక సమంగా ఎందుకు ఉడకదు? వేడి పాన్ నుంచి వస్తుంది, లోపలికి నెమ్మదిగా పాకుతుంది. మధ్య భాగం 140కి చేరేలోపు పాన్‌కి ఆనుకున్న పొర ఎప్పుడో 200 దాటిపోయి ఉంటుంది. నూనె మరీ కాగినప్పుడు బజ్జీ పైన ఎర్రబడి లోపల పిండి పచ్చిగా మిగిలిపోవడం మీరు చూసే ఉంటారు, ఇదీ అంతే. మందం రెట్టింపు అయితే పట్టే సమయం రెట్టింపుతో ఆగదు, అంతకంటే బాగా పెరుగుతుంది. అందుకే మందం చెప్పని రెసిపీని నేను రెసిపీగా ఒప్పుకోను.

కొనేటప్పుడే సగం పని అయిపోతుంది. ఫ్యామిలీ ప్యాక్‌లో వచ్చే పల్చటి చాప్స్ కొత్తవాళ్లకి అన్నిటికన్నా కష్టమైనవి. పైన రంగు వచ్చేలోపే లోపల దాటిపోతాయి. 1 నుంచి 1.5 అంగుళాల మందం ఉన్నవి తీసుకోండి. దొరక్కపోతే మాంసం కౌంటర్‌లో అడగండి, కోసి ఇస్తారు. రకం కూడా ముఖ్యమే. మధ్యలో టీ ఆకారంలో ఎముక ఉండే లోయిన్ చాప్‌లో రెండు వేర్వేరు కండలు ఉంటాయి. ఎముకకి ఒక పక్క ఉన్న చిన్న కండ టెండర్‌లోయిన్, అది ముందే ఉడికిపోతుంది. రెండో పక్కది ఇంకా వెనకే ఉంటుంది. అనుభవం ఉన్నవాళ్లకే అది సవాలు. మొదట రిబ్ చాప్‌తోనో, ఎముక లేని సెంటర్ కట్‌తోనో మొదలుపెట్టండి. ఒకే కండ కాబట్టి ఒకేలా ఉడుకుతుంది. ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో ఉప్పునీటి ద్రావణం కలిపామని రాసి ఉందేమో కూడా చూడండి. ఉంటే మీరు మళ్లీ ఉప్పు పట్టించకండి.

ఇప్పుడు అసలు భయం దగ్గరికి వద్దాం. "పంది మాంసం బాగా ఉడకాలి, గులాబీ రంగు కనిపించకూడదు" అని మనకు చిన్నప్పటి నుంచీ చెప్పారు. చెప్పిన పెద్దవాళ్లని తీసిపారేసే ఉద్దేశం నాకు లేదు. ఊళ్లో వీధుల్లో తిరిగి దొరికింది తినే పందుల మాంసం అది. అందులో బద్దె పురుగు తిత్తులు ఉండే ప్రమాదం నిజమైనదే. ఆ తిత్తులు పచ్చిగా కడుపులోకి వెళ్తే పేగుల్లో పురుగు పెరుగుతుంది. మూర్ఛ తెప్పించే మెదడు జబ్బు మాత్రం నేరుగా మాంసం వల్ల రాదు. పురుగు ఉన్న మనిషి మలంలోని గుడ్లు నీళ్ల ద్వారానో, చేతుల ద్వారానో, పచ్చి కూరగాయల మీదుగానో కడుపులోకి చేరితే వస్తుంది. అందుకే మాంసం ముట్టనివాళ్లకి కూడా వస్తుంది. మన దేశంలో మూర్ఛకి ముఖ్యమైన కారణాల్లో అదొకటి. కాబట్టి ఊళ్లో, ఎక్కడ పెరిగిందో తెలియని పంది మాంసమైతే పెద్దవాళ్ల మాటే వినండి. పూర్తిగా, ఎక్కువసేపు ఉడికించండి.

అమెరికాలోనూ ఒకప్పుడు ఈ భయం ఉండేది. ఇక్కడ భయపెట్టింది వేరే పురుగు. దాని పేరు ట్రైకినెల్లా, కండలో దాక్కునే సన్నటి పురుగు. పందులకు ఎంగిలి, చెత్త పెట్టాలంటే ముందు దాన్ని ఉడికించాలని 1980లో చట్టం వచ్చింది. పెంపకం కూడా చాలావరకు షెడ్లలోకి మారింది. ఇప్పుడు ఆ జబ్బు అరుదు, వచ్చినా ఎక్కువగా ఎలుగుబంటి లాంటి అడవి జంతువుల మాంసం వల్లే. ఆ పురుగు దాదాపు 137 ఫారన్‌హీట్ దగ్గరే చస్తుంది. ఇదంతా చూసే అమెరికా వ్యవసాయ శాఖ 2011 మేలో పాత 160 సిఫారసుని తగ్గించింది. చాప్ లాంటి విడి ముక్కలకు 145 ఫారన్‌హీట్, అంటే 63 సెల్సియస్, ఆ తర్వాత 3 నిమిషాలు ఆగి తినాలి. కీమాకి మాత్రం ఇప్పటికీ 160. ఇన్నేళ్లు గడిచినా మన వీడియోల్లో ఇంకా "లోపల తెల్లగా అయ్యేదాకా" అనే చెప్తున్నారు. ఆ మాట వల్ల ఎంత మంచి మాంసం పాడవుతోందో! 145 దగ్గర మధ్యలో లేత గులాబీ రంగు ఉండొచ్చు, తినొచ్చు. రంగుని నమ్మకండి, వేడిని నమ్మండి.

అందుకే థర్మామీటర్ కొనమంటాను. పదిహేను ఇరవై డాలర్లకి మంచిదే వస్తుంది. "మా అమ్మ థర్మామీటర్ పెట్టి వండిందా" అని నన్ను చాలామంది అడిగారు. అమ్మ వండింది కూర. పది నిమిషాలు ఎక్కువ ఉడికినా కూరకి నష్టం లేదు, ఇంకా బాగుంటుంది కూడా. చాప్‌లో ఒక్క నిమిషానికే రుచి మారిపోతుంది. అమ్మ చేతి అంచనా ఏళ్ల తరబడి వండితే వచ్చింది. మొదటి నెలలోనే మీ చేతికి అది రావాలనడం న్యాయం కాదు. థర్మామీటర్ మొనని పైనుంచి కాకుండా పక్క నుంచి, మందం మధ్యలోకి గుచ్చండి. ఎముకకి తగలనివ్వకండి.

నేను చేసే పద్ధతి ఇది. పావు కిలో మాంసానికి అర టీస్పూన్ సన్న ఉప్పు రెండు వైపులా రాసి, ఒక పళ్లెంలో మూత లేకుండా ఫ్రిజ్‌లో పెడతాను. కనీసం గంట, వీలైతే రాత్రంతా. ఉప్పు మొదట నీటిని బయటికి లాగుతుంది, తర్వాత ఆ ఉప్పునీరే లోపలికి ఇంకుతుంది. పైభాగం కూడా ఆరుతుంది. తీశాక పేపర్ టవల్‌తో గట్టిగా అద్దుతాను. తడి ఉన్నంతసేపూ పాన్ వేడి అంతా నీటిని ఆవిరి చేయడానికే పోతుంది, ఎరుపు రంగు రాదు. అంచున ఉండే కొవ్వు పట్టీకి అంగుళానికొక గాటు పెడతాను. ఈ ఒక్కటి ఎవరూ చెప్పరు. కొవ్వు కింద ఉన్న పొర కండకంటే ముందు ముడుచుకుంటుంది, చాప్ గిన్నెలా వంగిపోతుంది, మధ్య భాగం పాన్‌ని తాకదు. సమంగా ఉడకలేదని బాధపడేవాళ్లలో చాలామందికి ఇదే కారణం.

కాస్ట్ ఐరన్ పాన్ ఉంటే దాన్ని మీడియం మీద ఐదారు నిమిషాలు కాగనివ్వండి. ఇనుము వేడిని నిలుపుకుంటుంది కానీ త్వరగా పరచదు, తొందరపడితే కాయిల్ ఉన్న చోట ఒక్కటే మాడుతుంది. నీటి చుక్క వేస్తే గుండ్రంగా ఉరకాలి. అప్పుడు తడి తుడిచి నూనె వేసి చాప్ పెట్టండి. ఇక నిమిషానికోసారి తిప్పుతూ ఉండండి. "ఒక్కసారే తిప్పాలి" అనే మాటని పట్టించుకోకండి. తరచూ తిప్పితే ఏ వైపూ మితిమీరి కాలదు, లోపల సమంగా ఉడుకుతుంది, త్వరగా కూడా అవుతుంది. మొదట కాల్చేస్తే రసం లోపలే బందీ అవుతుందన్నది కూడా నిజం కాదు. 19వ శతాబ్దంలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ ప్రచారంలోకి తెచ్చిన ఆ మాట తప్పని ఎప్పుడో తేలింది. కాల్చడం రుచి కోసమే. కొవ్వు అంచుని పటకారుతో నిలబెట్టి ఒక నిమిషం కాల్చండి. మధ్యలో 140 చూపించగానే తీసి పళ్లెంలో పెట్టండి. లోపలి వేడితోనే 145కి ఎక్కుతుంది. ఎక్కిందో లేదో థర్మామీటర్‌తో చూసి, ఎక్కకపోతే ఇంకో అరనిమిషం పాన్‌లో పెట్టి, 3 నిమిషాలు ఆగి తినండి.

1.5 అంగుళాలు ఉంటే ఓవెన్ ఇంకా సులువు. 250 ఫారన్‌హీట్‌లో జాలీ మీద పెట్టి, లోపల 130 రాగానే తీసి, బాగా కాగిన పాన్‌లో అటూ ఇటూ ఒక్కో నిమిషం కాల్చండి. తర్వాత 145 చూసుకోండి. నెమ్మదైన వేడి కాబట్టి అంచుకీ మధ్యకీ తేడా చాలా తక్కువ. ఓవెన్‌ని గిన్నెల అల్మారాగా వాడుతున్నవాళ్లు దయచేసి ఆ గిన్నెలు తీసి ఇది చేసి చూడండి.

మసాలా గురించి తప్పకుండా చెప్పాలి. అల్లం వెల్లుల్లి ముద్ద, పెరుగు, కారం, పసుపు దట్టంగా పట్టించి చాప్‌ని వేడి పాన్‌లో వేస్తున్నారు. ముద్దలోని తడి ముక్కని ఉడికించేస్తుంది. తడి ఆరేసరికి వెల్లుల్లి, కారం మాడి చేదెక్కుతాయి. రంగు చూసి ఉడికిందనుకుని తీసేస్తే లోపల పచ్చి. మన రుచి వదులుకోమనడం లేదు. ముందు ఉప్పుతో కాల్చి తీయండి. అదే పాన్‌లో మంట తగ్గించి, కాస్త వెన్న, చితక్కొట్టిన వెల్లుల్లి, కరివేపాకు, దంచిన మిరియాలు వేసి, నిమ్మకాయ పిండి ఆ చాప్ మీద పోయండి. మాంసం రుచీ తెలుస్తుంది, మన రుచీ ఉంటుంది.

ఇప్పటికే ఫ్రీజర్‌లో పల్చటి చాప్స్ ఉన్నవాళ్లు వాటిని పారేయకండి. రాత్రి ఫ్రిజ్‌లోకి మార్చి కరగనివ్వండి. బాగా తుడిచి, పెద్ద మంట మీద ఒక వైపే రంగు వచ్చేదాకా కాల్చి, రెండో వైపు కొన్ని సెకన్లు చూపించి, వేడి చూసి తీసేయండి. అదీ కుదరదనిపిస్తే సన్నటి పొడుగు ముక్కలు కోసి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, మిరియాలతో పెద్ద మంట మీద గబగబా వేపుడు చేసుకోండి. ఒక్కో విడతలో పాన్ సగమే నింపండి, ఎక్కువ వేస్తే నీళ్లు ఊరిపోతాయి.